తాటిటెంకల బొగ్గు

జ్యోతిర్మయి చేసిన బొగ్గును చేతిలోకి తీసుకుంటే ఇస్త్రీపెట్టెలో వేసే బొగ్గుకీ దానికీ తేడా తెలియదు. వేళ్లకు మసి అంటుతుంది, అంతే. తేడా అంతా లోపలే ఉంది. తాటిటెంకలను గాలి తగలకుండా కాల్చి, ఆవిరి పట్టించి చేసిన ఆ బొగ్గు నిండా కంటికి ఆనని రంధ్రాలు. గుప్పెడు బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరచగలిగితే ఎకరాలకొద్దీ పొలాన్ని కప్పేస్తాయి.

మైలవరం దాటాక మామిడితోటల మధ్య ఉన్న రేకుల షెడ్డులో ఆమె ఆ బొగ్గుతో చేసే పని ఒక్కటే. ప్రొపేన్ నుంచి ప్రొపిలీన్‌ని వేరు చేయడం. ఆ రెండు గ్యాసులూ కవలల్లాంటివి. బరువులోనూ, మరిగే వేడిలోనూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రిఫైనరీల్లో వాటిని విడదీయడానికి తాడిచెట్లను మించిన ఎత్తున స్తంభాలు కట్టి, వాటిని ఎడతెరిపి లేకుండా నడుపుతారు. జ్యోతిర్మయి బొగ్గుకు అంత హంగు అక్కర్లేదు. మనిషెత్తు స్టీలు గొట్టంలో బొగ్గు నింపి గ్యాసు పంపిస్తే, కాస్త సన్నగా ఉండే ప్రొపిలీన్ రంధ్రాల్లోకి దూరి అక్కడే ఉండిపోతుంది. ప్రొపేన్ పట్టక బయటికి వచ్చేస్తుంది. ప్రొపిలీన్‌తో ప్లాస్టిక్ చేస్తారు గనక దానికి గిరాకీ. మిగిలిన ప్రొపేన్ మండించుకోవడానికి పనికొస్తుంది.

ఈ పనికి పెట్టుబడి పెట్టింది తేజేశ్వర్. విజయవాడ గవర్నర్‌పేటలో వాళ్ల నాన్నగారి కాలం నుంచీ చీరల హోల్‌సేల్ కొట్టుంది. జ్యోతిర్మయిది పామర్రు, నేత కుటుంబం. ఆమె బాబాయి సత్యం ఆ కొట్టుకు చాలాకాలంగా చీరలు వేస్తున్నాడు. పి.హెచ్.డి. పూర్తయ్యాక ఏ కంపెనీలో చేరాలా అని ఆలోచిస్తున్న అమ్మాయిని తేజేశ్వర్ దగ్గరికి తీసుకెళ్లిందీ ఆయనే. బట్టల వ్యాపారం మీద విసుగెత్తి ఉన్న తేజేశ్వర్, ఆమె చెప్పింది సాంతం విని, "మొదలుపెడదామండీ" అన్నాడు.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. ఆమె కొని తెప్పించే గ్యాసుకు దానంతట దానికి వాసన ఉండదు. లీకైతే మనుషులకు తెలియాలని అందులో గంధకం ఉన్న ద్రవాన్ని చుక్కలుచుక్కలుగా కలుపుతారు. వంటింట్లో మనం పసిగట్టే ఆ కుళ్లు కంపు దానిదే. ఆ గంధకం వెళ్లి జ్యోతిర్మయి బొగ్గు రంధ్రాలను పూడ్చేస్తోంది. అందుకని ఆమె అసలు గొట్టానికి ముందు ఒక డ్రమ్ము పెట్టి అందులో ముతక రకం బొగ్గు పోసింది. అది కంపునంతా తాగేసి, శుభ్రమైన గ్యాసును మాత్రం ముందుకు పంపేది. బొగ్గు మళ్లీ చక్కగా పనిచేయసాగింది.

"ఇప్పుడు మామిడిపూత వాసన తెలుస్తోంది మేడం" అంది ప్రత్యూష, డ్రమ్ము పెట్టిన మర్నాడు. ప్రత్యూష ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి, పరికరాలన్నీ తనే చూసుకుంటుంది. "ఇన్నాళ్లూ ఇంటికెళ్లినా జుట్టు కంపు కొట్టేది."

జ్యోతిర్మయి నవ్వలేదు. ప్రత్యూష చెప్పింది నిజమే. కిటికీలోంచి పూత వాసన తియ్యగా వస్తోంది. అది తప్ప ఇంకే వాసనా లేదు. గొట్టాల్లో మాత్రం గ్యాసు ఎప్పటిలాగే పారుతోంది.

"ఇక మనకి ముక్కు లేనట్టే" అంది. "నేలబారున డిటెక్టర్లు పెట్టించాలి. ఇది గాలికంటే బరువు, పల్లంలోకి దిగుతుంది. అవొచ్చేదాకా మెషీన్ ఆపు."

డిటెక్టర్లు వచ్చాయి. గ్యాసు తగిలితే వాటి పచ్చదీపం ఎర్రబడుతుంది. బయటికొచ్చే ప్రొపేన్‌ను షెడ్డు వెనక పొడవాటి గొట్టం చివర మండించే ఏర్పాటు కూడా చేయించింది. పగటి ఎండలో ఆ మంట సరిగా కనిపించేది కాదు. దాని పైన గాలి మాత్రం వణుకుతూ ఉండేది.

ఆ చలికాలం పోకముందే సత్యం ఒకసారి షెడ్డు చూడ్డానికొచ్చాడు. తేజేశ్వర్ కూడా పక్కనే ఉన్నాడు. సత్యం వెనక్కి వెళ్లి మంట వైపు తలెత్తి చూశాడు.

"అలా ఊరికే తగలబెట్టేస్తున్నారేంటమ్మాయ్? నూలుకి రంగేసే కాగులకింద నేను గ్యాసు కొనలేక చస్తున్నాను."

"అది ఎవరికీ ఇవ్వకూడదు బాబాయ్. దానికి వాసనుండదు."

"కంపు లేకపోతే ఇంకా మంచిదేగా."

"లీకైతే తెలీదు. పైగా వంటగ్యాసు కంటే దీని ఒత్తిడెక్కువ. మీ గొట్టాలు తట్టుకోవు."

సత్యం తలూపాడు. అన్న కూతురు చదువుకున్నది, ఏదో చెబుతోంది అన్నట్టు ఊపాడు. తేజేశ్వర్ మంట వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఎండలు ముదిరే వేళకు షెడ్డులోకి కొత్త కంప్రెసర్ వచ్చింది. మిగిలిన గ్యాసును మళ్లీ మొదటికి పంపి తిప్పితే ఇంకాస్త ప్రొపిలీన్ దొరుకుతుందని తేజేశ్వర్ అన్నాడు. అందులో తప్పులేదు. జ్యోతిర్మయే ఆ మాట ఒకప్పుడు అంది. తర్వాత ఆమె ఒక సదస్సుకు హైదరాబాద్ వెళ్లి, అక్కడ రెండు కంపెనీల వాళ్లతో మాట్లాడి, ఎన్నో ఆశలతో తిరిగొచ్చింది. షెడ్డు వెనక గొట్టం చివర మంట లేదు. గొట్టం చేతికి చల్లగా తగిలింది.

"గ్యాసెటు పోతోంది?" అని ప్రత్యూషను అడిగింది.

"ఆ కొత్త కంప్రెసర్‌తోనే ఎర్ర సిలిండర్లలో పట్టి వెనక గదిలో పెట్టిస్తున్నారు మేడం. మీకు చెప్పాననే అన్నారు సార్."

జ్యోతిర్మయి వెంటనే ఫోన్ చేసింది. తేజేశ్వర్ గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"స్టోర్ చేస్తున్నామంతేనండీ. కంపెనీవాళ్లు చూడ్డానికొచ్చినప్పుడు మంట కనపడితే వేస్ట్ చేస్తున్నామనుకుంటారు."

"అవి ఎర్ర సిలిండర్లు తేజేశ్వర్ గారూ. ఇళ్లలో వాడేవి. ఎవరైనా చూస్తే వంటగ్యాసే అనుకుంటారు."

"ఎవరు చూస్తారండీ, గదికి తాళముంది."

"నింపడం ఆపించండి. మంట మళ్లీ వెలిగించాలి. లేకపోతే నేను మెషీన్ నడపను."

"అలాగేనండీ. రేపే చెప్తాను" అన్నాడతను. మర్నాడు మంట వెలిగింది. వెనక గది తలుపుకు తాళం వేలాడుతూనే ఉంది. ఆమె తాళంచెవి అడిగితే గవర్నర్‌పేట ఆఫీసులో ఉండిపోయిందన్నారు. మళ్లీ అడిగితే పంపిస్తామన్నారు. గది కిటికీ అద్దాలకు లోపలినుంచి కాగితం అంటించి ఉంది. జ్యోతిర్మయి ఆ తలుపు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఒక్కక్షణం ఆగేది. తలుపు కిందినుంచి ఏమైనా వస్తోందేమోనని గాలి పీల్చేది. పీల్చినా తెలియదని వెంటనే గుర్తొచ్చేది.

వైశాఖంలో ఒక ఉదయం, గొట్టంలోని పాత బొగ్గు తీసి కొత్తది నింపుతుండగా పామర్రు నుంచి ఆమె పిన్ని వెంకటరావమ్మ ఫోన్ చేసింది.

"జ్యోతీ, నువ్వడిగిన చిలకపచ్చ చీరకి రంగు ఇవాళే వేయిస్తున్నాం. అంచు ఏ రంగు కావాలో చెప్పలేదు. ఎరుపా, వంకాయరంగా?"

"వంకాయరంగే బాగుంటుంది పిన్నీ. అందరూ బాగున్నారా?"

"ఏం బాగో. పొద్దుట్నించీ కరెంటు లేదు. మీ బాబాయికి తల తిరుగుతోందంట. రంగుల షెడ్డులో నూలు మూటల మీద పడుకున్నాడు. ఇంట్లోకొచ్చి పడుకోమంటే వినడు. ఎండదెబ్బేమో."

"ఎండదెబ్బైతే షెడ్డులో ఎందుకు పడుకోనిచ్చావ్? ఆ కాగుల సెగకి..."

"సెగేం లేదు, ఇంకా పొయ్యే వెలిగించలేదు. కరెంటొస్తే నీళ్లు తోడాలి, అప్పుడు వెలిగిస్తారు. ఈమధ్య పొయ్యి దగ్గర కూడా హాయిగానే ఉంటోందిలే, మీ గ్యాసొచ్చాక. కంపన్నదే లేదు."

జ్యోతిర్మయి చేతిలోని బొగ్గు బేసిను కింద పెట్టింది.

"మా గ్యాసేంటి పిన్నీ?"

"తేజేశ్వర్ గారు పంపిందే. నీకు తెలుసనుకున్నానే."

ప్రత్యూష పని ఆపి ఆమె ముఖంలోకి చూసింది. జ్యోతిర్మయికి బాబాయి షెడ్డు కళ్లముందు కదిలింది. రంగు కాగులు నేలకంటే దిగువన, రెండు మెట్లు దిగిన గోతిలో ఉంటాయి. పొయ్యిలూ అక్కడే. ఎప్పుడూ తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను కరెంటు లేక ఆగిపోయి ఉంటుంది. కిటికీలు చిన్నవి, రంగునీళ్ల మీద దుమ్ము పడకుండా మూసి ఉంచుతారు.

"పిన్నీ, నువ్వెక్కడున్నావ్ ఇప్పుడు?"

"వంటింట్లో. ఏంటే గొంతు అలా ఉంది?"

ఇంటికీ షెడ్డుకీ మధ్య ఖాళీస్థలం ఉంది. ఇంట్లో ఉందంటే కొంత నయం.

"నేను చెప్పేది సరిగ్గా విను. షెడ్డులో గ్యాసు నిండి ఉంటుంది. వాసన రాదు కాబట్టి మీకు తెలీట్లేదు. బాబాయికి తల తిరిగేది అందుకే. నువ్వు ఫోన్ అక్కడే పెట్టి వెళ్లు. షెడ్డు బయటే నిలబడి పిలువు, లోపలికి పోవద్దు. ఇంకెవరున్నారు?"

"పనివాడు బాలశౌరి ఉన్నాడు. గుమ్మం దగ్గర నూలు తడుపుతున్నాడు."

"ఇద్దర్నీ బయటికి రమ్మను. స్విచ్చి ముట్టుకోవద్దను. బీడీ, అగ్గిపుల్ల, ఏదీ. మోటారు కూడా వెయ్యొద్దను."

"మోటారు మనమెక్కడ వేస్తామే? మీ బాబాయి ఆటో స్టార్టర్ పెట్టించాడుగా. కరెంటు రాగానే అదే అందుకుంటుంది."

ఆ స్టార్టర్‌లో చిన్న నిప్పురవ్వ పుడితే చాలు. మోటారు బోర్డు ఉన్నది షెడ్డు లోపలే, మెట్ల పక్కన గోడకి.

"పిన్నీ, పరిగెత్తు" అంది.

ఫోన్ వంటగట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది. జ్యోతిర్మయి ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుని, రెండో చేత్తో ప్రత్యూష భుజం పట్టుకుంది.

"పామర్రు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. కరెంటివ్వద్దని చెప్పు. ఎక్కడ దొరుకుతుందో చూడు నంబరు."

ప్రత్యూష తన ఫోన్‌లో వెతికింది. మొదటి నంబరు మోగలేదు. రెండో నంబరుకు ఎవరో మచిలీపట్నంలో ఎత్తి, పామర్రుది ఇదీ అని ఇంకో నంబరు చెప్పారు. ఆమె చేతివేళ్లకున్న మసి తెరంతా అంటుకుంది.

ఇటు జ్యోతిర్మయి చెవిలో పిన్ని వంటిల్లు. గిన్నె మీద మూత కదులుతున్న శబ్దం. ఎక్కడో కోడి. దూరంగా పిన్ని గొంతు, "ఏవండీ, ఏవండీ" అని. మగగొంతు ఒకటి ఏదో అడిగింది, అది బాలశౌరిది. "లేవట్లేదమ్మా, నేను తీసుకొస్తా" అన్నట్టు వినిపించింది. పిన్ని వద్దందో, వెళ్లమందో తెలియలేదు.

"దొరికారు మేడం" అంది ప్రత్యూష. తర్వాత తన ఫోన్‌లోకి, "సార్, పామర్రులో లైను ఇవ్వకండి, గ్యాస్ లీకైంది, అర్జెంటు సార్" అంది. అటువైపు మనిషి కంగారుపడుతూనే అడగాల్సింది అడిగాడు, "ఏ ఫీడరు లైనండీ? ఊళ్లో ఎక్కడ?" అని.

"మేడం, ఎక్కడ?"

"కాలవగట్టు వైపు. చేనేత కాలనీ వెనక."

ప్రత్యూష ఆ మాట చెబుతుండగా, జ్యోతిర్మయికి ఫోన్‌లో పిన్ని వంటింట్లోని ఫ్రిజ్ గుర్రుమని మొదలవడం వినిపించింది. తర్వాత ఫ్యాను రెక్క కిరకిరమంది.

ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు ఆమె ఫోన్‌ను చెవి నుంచి దూరంగా లాగేసింది. మళ్లీ పెట్టుకునేసరికి గిన్నెలు దొర్లుతున్నాయి. అవి ఆగాయి. ఫ్రిజ్ తిరుగుతూనే ఉంది.

ప్రత్యూష కారు నడిపింది. విజయవాడ దాటేదాకా జ్యోతిర్మయి పిన్ని నంబరుకు చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. కంకిపాడు దగ్గరుండగా పక్కింటివాళ్లెవరో ఎత్తి, అందర్నీ బెజవాడే తీసుకొస్తున్నారని చెప్పారు. ఆ మాట పూర్తవకముందే సైరన్ వేసుకుంటూ అంబులెన్సు ఒకటి ఎదురుగా వచ్చి వాళ్లను దాటిపోయింది. ప్రత్యూష కారు వెనక్కి తిప్పింది.

జరిగింది ఆస్పత్రిలో వెంకటరావమ్మ చెప్పింది. ఆమె కనుబొమ్మలు కాలిపోయాయి, అంతకుమించి దెబ్బల్లేవు. ఎంత పిలిచినా సత్యం లేవకపోతే బాలశౌరి మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆమె వద్దనే అంది. ఆయన్ని చంకల కింద పట్టి మెట్లెక్కించి గుమ్మందాకా తెచ్చాడు. గుమ్మం దగ్గర సత్యానికి కొంచెం తెలివొచ్చి కాలు కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడే లోపల మోటారు అందుకుంది. మంట కంటే ముందు గాలి వచ్చి సత్యాన్ని విసిరేసింది. బాలశౌరి వెనకున్నాడు. ఇద్దరికీ మధ్య ఒక్క మనిషి వెడల్పు దూరం.

సత్యానికి చేతులూ వీపూ కాలాయి. బతుకుతాడన్నారు. బాలశౌరి గురించి డాక్టర్లు ఏమీ అనలేదు. అతని భార్య వరండాలో నేలమీద కూర్చుని, ఎవరొచ్చినా తలెత్తి చూసి మళ్లీ దించుకుంటోంది. జ్యోతిర్మయి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

సాయంత్రానికి తేజేశ్వర్ వచ్చాడు. జ్యోతిర్మయిని వరండా చివరికి పిలిచాడు.

"గొట్టం పాతదండీ. పగిలి ఉంటుంది. ఎవరింట్లోనైనా జరిగేదే."

"పగిలితే తెలియాలిగా. పొద్దుట్నించీ ఇద్దరు మనుషులు అందులోనే ఉన్నారు."

"మీ బాబాయే అడిగారు. నేను వద్దన్నాను, బతిమాలారు. మీకు చెప్పొద్దన్నది కూడా ఆయనే."

అది నిజమే అయి ఉంటుందని జ్యోతిర్మయికి తెలుసు. అది నిజం కావడం వల్ల మారేదేమీ లేదు.

"ఫైరాఫీసరు రేపొస్తాడట" అన్నాడు తేజేశ్వర్ ఇంకాస్త గొంతు తగ్గించి. "సిలిండరు లీకైందని చెబుదాం. అబద్ధం కాదుగా. బొగ్గు సంగతి, వాసన సంగతి ఎత్తారంటే మాత్రం షెడ్డు మూసేస్తారు. మీ పనంతా పోతుందండీ. ఆ కంపెనీలు మళ్లీ మన మొహం చూడవు."

"ఇంకెవరికిచ్చారు?"

"ఏంటి?"

"ఆ గదిలో చాలా సిలిండర్లు పట్టారు. బాబాయికి కాక ఇంకెవరికిచ్చారు?"

తేజేశ్వర్ వరండా గోడ మీద చెయ్యి ఆనించి, కింద రోడ్డు మీద పోతున్న ఆటోలను చూశాడు. అతని మెడ మీద చెమట కారుతోంది. భయపడుతున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ భయం బాబాయి షెడ్డు ఒక్కదాని గురించే కాదు.

ఫైరాఫీసరు మర్నాడు వచ్చినప్పుడు జ్యోతిర్మయి అంతా చెప్పింది. బొగ్గు ఏం చేస్తుందో, డ్రమ్ములో వాసన ఎలా పోతుందో, గ్యాసు ఎక్కడ పట్టారో చెప్పింది. ఆయన మధ్యలో రాయడం ఆపి, "అంటే చూడ్డానికి మామూలు సిలిండరే, వాసన మాత్రం రాదు. అంతేనా?" అని అడిగాడు. అంతేనంది. ఆయన వెంటనే లేచి బయటికి వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు.

మైలవరం షెడ్డుకు సీలు వేశారు. తేజేశ్వర్‌ను పోలీసులు తీసుకెళ్లారు. అతను చివరికి చెప్పిన ప్రకారం కొన్ని సిలిండర్లు మైలవరంలో ఒక హోటలుకు వెళ్లాయి, కొన్ని గవర్నర్‌పేటలో తెలిసినవాళ్లకు. హోటలులోవి వాడకముందే దొరికాయి. గవర్నర్‌పేటలో ఒకటి టీకొట్టులో, ఇంకొకటి ఒక లాడ్జి డాబా మీద దొరికాయి. మిగిలిన ఒక్కటి ఆ లాడ్జి మేనేజరు సాంబశివరావు దగ్గరుండాలి.

"ఉండేదండీ" అన్నాడు సాంబశివరావు, జ్యోతిర్మయి వెంట ఉన్న పోలీసుల వైపు చూస్తూ. "మా వంటమనిషి దాన్ని వెనక వాటాల్లో ఎవరికో బదులిచ్చాడు. వాళ్లకి గ్యాసైపోతే. ఫోన్ చేసి అడిగితే ఎవరికిచ్చాడో గుర్తులేదంటున్నాడు. అతను సొంతూరు వెళ్లాడు."

లాడ్జి వెనక సందులో మూడంతస్తుల పాత మేడలు ఎదురెదురుగా ఉన్నాయి. కింద కొట్లు, పైన వాటాలు. మైకు కట్టిన ఆటో ఒకటి ఆ వీధుల్లో తిరుగుతూ, గ్యాసు వాసన రాని సిలిండరు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పమని అరుస్తోంది. జనం కిటికీల్లోంచి విని నవ్వుకుంటున్నారు. వాసన రాకపోవడం గురించి ఎవరేం చెబుతారు? ఎవరి వంటిల్లైనా మామూలుగా వాసన రాకుండానే ఉంటుంది.

బాలశౌరి చనిపోయాడని ప్రత్యూష ఫోన్ చేసింది అప్పుడే. జ్యోతిర్మయి సందు మొదట్లో గోడకానుకుని కాసేపు నిలబడింది. పోలీసులు ఆమె కోసం ఆగారు. షెడ్డు నుంచి తెచ్చిన డిటెక్టరు ఆమె చేతిలో ఉంది. దాని మీద పచ్చదీపం వెలుగుతోంది.

పై అంతస్తుల్లో వంటల వేళ. ఎక్కడో కుక్కరు కూత వేసింది. దానికి జవాబుగా అన్నట్టు ఇంకొకటి వేసింది. జ్యోతిర్మయి మొదటి మేడ మెట్లెక్కి, తెరిచి ఉన్న తలుపు పక్కన గోడను వేళ్లతో తట్టింది. బెల్లు నొక్కలేదు. లోపలినుంచి ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పేరు సీతారావమ్మ అని చెప్పింది.

"మీ సిలిండరు ఈమధ్య మార్చారా అండీ?"

"మార్చామమ్మా. వారం కూడా కాలేదు."

"ఎవరిచ్చారు?"

"మా అబ్బాయి తెచ్చాడు. ఎక్కడ తెచ్చాడో అడగలేదు. ఎందుకమ్మా?"

"స్టవ్ వెలిగించి ఉందా?"

"లేదు. ఇప్పుడే వెలిగిద్దామని."

జ్యోతిర్మయి చెప్పులు గుమ్మం బయట విడిచి, డిటెక్టరును నేలకు దగ్గరగా వంచి పట్టుకుని లోపలికి నడిచింది.

అది ఆ సిలిండరు కాదు. పక్క వాటాలో ఉన్నదీ కాదు. ఆ రోజు చీకటిపడేదాకా, తర్వాతి రోజుల్లో కూడా, ఆమె ఆ సందులో ప్రతి వంటింట్లోకీ వెళ్లింది. కొన్ని తలుపులకు తాళాలున్నాయి. వేసవి సెలవులకు ఊళ్లకు వెళ్లారని, వచ్చే వారం వస్తారని పక్కవాళ్లు చెప్పారు. తాళాలున్న తలుపుల ముందు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింది ఖాళీ దగ్గర డిటెక్టరు పెట్టి, దీపం రంగు మారుతుందేమోనని చూస్తూ ఉండిపోయేది.